చూడని ఆట

"ఇక లిఫ్టరు," అన్నాడు డ్రిల్లు మాస్టారు.

పేరు పిలవకముందే ఆయన కూతురు ఒక అడుగు ముందుకు వేసింది. పక్కనున్న అమ్మాయిలు కూడా ఇది అనుకున్న సంగతే అన్నట్టు జరిగి దారిచ్చారు. వెనకనుంచి వచ్చిన బంతిని నెట్టు పక్కన అందుకుని, షాటు కొట్టేవాళ్ళ చేతికి అనువుగా పైకెత్తి ఇవ్వడం లిఫ్టరు పని. బడి వాలీబాల్ జట్టులో ఆ చోటు ఒక్కటే. అది ఎవరికి దక్కుతుందో ఆ గ్రౌండులో ఎవరికీ అనుమానం లేదు.

"బొంగరం," అన్నాడు మాస్టారు.

బొంగరమంటే బస్సు కండక్టరమ్మ కూతురు. కోర్టులో దిగితే కాలు ఒక్కచోట నిలవదని తోటిపిల్లలు పెట్టిన పేరు. ఆ పిల్ల కదల్లేదు. "నేనా సార్?" అని అడిగి, ఎవరైనా నవ్వుతున్నారేమోనని చుట్టూ చూసింది. ఎవరూ నవ్వడం లేదు. మాస్టారు చేత్తో నెట్టు అవతలి పక్క చూపించాడు. బొంగరం తల వంచుకుని, ఎవరినో తోసుకుని వెళ్తున్నట్టు ఇబ్బందిగా నడిచి, ఎంపికైనవాళ్ళ పక్కన నిలబడింది.

మాస్టారి కూతురు ముందుకేసిన అడుగుని వెనక్కి తీసుకుంది. అంతే. ఏడవలేదు, ముఖం ముడుచుకోలేదు. ఎంపిక ముగిశాక మిగిలినవాళ్ళతో కలిసి గ్రౌండులో చెదిరిన బంతులు ఏరి వలసంచిలో వేసింది. నెట్టు విప్పడానికి స్టూలు ఎక్కింది. కొక్కెం బిగుసుకుపోతే పళ్ళతో తాడు లాగి వదులు చేసింది. ఎంపికైనవాళ్ళు కేకలు పెట్టాల్సిన సమయం అది. వాళ్ళంతా ఆమె తాడు విప్పడమే చూస్తూ నిలబడ్డారు.

మాస్టారికి మాత్రం గండం గడిచినట్టనిపించింది. పొద్దున స్టాఫ్‌రూములో లెక్కల టీచరు, "ఈసారి వంటా మీదే, వడ్డనా మీదేనటగా మాస్టారూ," అని నవ్వితే మిగతావాళ్ళు కూడా నవ్వారు. ఆ నవ్వు రోజంతా ఆయన చెవుల్లోనే ఉంది. ఇప్పుడు నవ్వమను, అనుకున్నాడు ఆయన విజిలు జేబులో వేసుకుంటూ.

ఇంటికి వెళ్ళేసరికి భార్య మందుల షాపునుంచి అప్పుడే వచ్చి, రోజంతా నిలబడి వాచిన కాళ్ళని వేణ్ణీళ్ళ బకెట్లో పెట్టుకుని కూర్చుంది. సంగతి ఆమెకి ముందే తెలిసిపోయింది. కూతురు చెప్పలేదట, కిందింటావిడ చెప్పిందట. కూతురు బాల్కనీలో పాత బ్రష్షుతో ఆటబూట్ల అడుగుల్లో ఇరుక్కున్న మట్టి గీకుతోంది. చేసే పని తప్ప మరో లోకం లేనట్టు ఒక్కొక్క గాడినే గీకుతోంది.

భార్య గొడవ పెట్టుకుంటుందనుకున్నాడు మాస్టారు. అందుకు జవాబులు కూడా దారిలోనే సిద్ధం చేసుకున్నాడు. ఆమె గొంతు తగ్గించి ఒకటే అడిగింది.

"దాని ఆట ఎలా ఉంది?"

"అందరూ బాగానే ఆడారు."

"అందరి సంగతి కాదండీ. దాని ఆట."

"బాగానే ఉంది. కాకపోతే కాస్త..." మాట కోసం వెతుక్కున్నాడు. "కాస్త అనుభవం చాలదు."

"బొంగరానికి ఉందా అనుభవం?"

మాస్టారు గేటు వేశానో లేదో అంటూ లేచి బయటికి వెళ్ళాడు. గేటు వేసే ఉంది. దాన్నే ఒకసారి తీసి మళ్ళీ వేశాడు.

మర్నాడు పొద్దున బస్సులో ఆయనకి మర్యాద మామూలుగా జరగలేదు. కండక్టరమ్మ టిక్కెట్ల సంచి భుజానికి సర్దుకుని, కిటికీ పక్కన కూర్చున్న కుర్రవాణ్ణి లేపి మాస్టారిని కూర్చోబెట్టింది. ఆ పైన బస్సంతటికీ వినిపించేలా చెప్పింది. కన్నకూతుర్ని పక్కన పెట్టి తన కూతురికి చోటిచ్చిన మనిషి ఈయనేనంది. ఇలాంటివాళ్ళు బళ్ళో ఒక్కరున్నా చాలంది. ముందు సీట్లో ముసలాయన వెనక్కి తిరిగి మరీ దణ్ణం పెట్టాడు. మాస్టారు "అదేముందమ్మా, మన పని మనం చెయ్యాలి కదా," అంటూ కిటికీలోంచి బయటికి చూశాడు. చూశాడే గానీ చెవులు మాత్రం బస్సులోనే ఉన్నాయి. ఇంకెవరైనా ఇంకేమైనా అంటారేమోనని తన స్టాపు వచ్చాక కూడా ఒక్క క్షణం ఆగి లేచాడు.

అసెంబ్లీలో హెడ్‌మిస్ట్రెస్ మైకు ముందుకొచ్చి, నిష్పక్షపాతం అంటే ఏమిటో పుస్తకాల్లో వెతకనక్కర్లేదనీ, మన డ్రిల్లు మాస్టారిని చూస్తే చాలనీ చెప్పింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. లెక్కల టీచరు కూడా కొట్టాడు. తొమ్మిదో తరగతి వరసలో తన కూతురు చప్పట్లు కొడుతోందో లేదో మాస్టారు చూడలేదు. వరసల వెనకున్న గోడని చూస్తూ నిలబడ్డాడు.

సాయంత్రం జట్టుకి మొదటి ప్రాక్టీసు. బొంగరం నెట్టు పక్కన నిలబడింది. వెనకలైను అమ్మాయి ముంజేతుల మీదుగా బంతిని చక్కగా లేపి ఇచ్చింది. బొంగరం వేళ్ళు విప్పి దాని కిందికి చేరడమైతే చేరింది కానీ, ఎత్తిన బంతి నెట్టు దాటి అవతల పడింది. మరోసారి ఎత్తితే అది షాటు కొట్టే అమ్మాయి వెనక పడింది. ఆ అమ్మాయి గాల్లోకి ఎగిరి, చెయ్యి దేనికీ తగలక, ఉత్తచేత్తో కిందికి దిగింది. మళ్ళీ, మళ్ళీ అదే. బొంగరం పరుగు ఆపలేదు. అవసరం లేని చోటుకి కూడా పరుగెత్తింది. మాస్టారు మోచేతులు విప్పమన్నాడు, మోకాళ్ళు వంచమన్నాడు, తనే నిలబడి ఎత్తి చూపించాడు. నాలుగు రోజులు పోతే అదే వస్తుందని ధైర్యం చెప్పి పంపేశాడు.

మర్నాడు సాయంత్రం సామాన్ల గదిలో మాస్టారు బంతులకి గాలి చూస్తుంటే బొంగరం గుమ్మం దగ్గర నిలబడింది. చేతిలో కొత్త జెర్సీ మడతపెట్టి ఉంది.

"సైజు సరిపోలేదా అమ్మా?" అన్నాడు మాస్టారు తలెత్తకుండానే.

"సరిపోయింది సార్. చోటే నాది కాదు."

ఆయన గాలిపంపు కింద పెట్టాడు.

"భయపడుతున్నావు. అందరికీ మొదట్లో ఉండేదే."

"భయం కాదు సార్. మీ అమ్మాయి నాకంటే బాగా ఎత్తుతుంది. సెలక్షన్ రోజు అందరం చూశాం. మీరొక్కరే చూడలేదు."

మాస్టారికి నవ్వొచ్చింది. "చూడకపోవడమేమిటే? అక్కడే ఉన్నాను కదా."

"ఉన్నారు సార్." ఆ పిల్ల జెర్సీని గుండెకి అదుముకుంది. కళ్ళు మాత్రం దించుకోలేదు. "తన బ్యాచి కోర్టులోకి దిగగానే మీరు నెట్టు తాడు బిగించడానికి వెళ్ళారు. రెండోసారి దిగినప్పుడు వాచ్‌మన్‌తో మాట్లాడారు. ఆ తర్వాత మా వైపు తిరిగి, లైన్లో సరిగ్గా నిలబడమని కోప్పడ్డారు. మేం సరిగ్గానే నిలబడ్డాం సార్."

మాస్టారి ముఖం ఎర్రబడింది. ఎవరు నేర్పి పంపారు నీకీ మాటలు, అని నోటిదాకా వచ్చింది. ఆ పిల్ల వంక చూస్తే మాట నోట్లోనే ఆగిపోయింది. చోటు పోగొట్టుకోవడానికి వచ్చిన పిల్లకి ఎవరు నేర్పుతారు? జెర్సీని బల్లమీద పెట్టి, ముడత పడ్డ అంచుని అరచేత్తో సాపు చేసి, బొంగరం వెళ్ళిపోయింది. గుమ్మం దాటాక ఒక్కసారి వెనక్కి వచ్చి, ఈ సంగతి మా అమ్మకి చెప్పకండి సార్, బస్సులో అందరికీ చెప్పుకుంది, అని చెప్పి మళ్ళీ వెళ్ళింది.

మాస్టారు జిమ్ పరుపుల దొంతర మీద కూర్చుండిపోయాడు. తనకి తెలియదా తను చూశాడో లేదో? సరే, గుర్తు చేసుకుందాం అనుకున్నాడు. షాటు కొట్టే పొడుగుపిల్ల గుర్తొచ్చింది, దిగేటప్పుడు ఎడమకాలు ముందు పెడుతుంది. సర్వీసు చేసే పిల్ల గుర్తొచ్చింది, బంతిని పైకి విసిరేముందు నాలుక కొరుక్కుంటుంది. బొంగరం పరుగు గుర్తొచ్చింది. తన కూతురు? ఎత్తిన ఒక్క బంతైనా? వేళ్ళు ఎలా విప్పింది, ఏ కాలు మీద బరువు వేసింది, బంతి ఎంత పైకి లేచింది? ఎంత తవ్వినా ఏమీ రాలేదు. నెట్టు తాడుకి తను వేసిన ముడి మాత్రం కళ్ళకి కట్టినట్టు కనిపించింది. ఏ కొసని ఏ కొస మీంచి తిప్పాడో కూడా గుర్తుంది.

ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు. తను చూడలేదు. చూడటం లేదన్న సంగతి కూడా తనకి తెలియకుండానే చూడలేదు.

ఇంట్లో కూతురు బాల్కనీలో ఆరిన బట్టలు తీసి మడతపెడుతోంది. మాస్టారు వెళ్ళి దుప్పటికి రెండో కొస పట్టుకున్నాడు. ఇద్దరూ దగ్గరికి వచ్చి, దూరం జరిగి, దుప్పటిని మడతల్లోకి తెచ్చారు.

"సెలక్షన్ రోజు నీ ఆట నేను చూడలేదట," అన్నాడు.

"ఊఁ."

"నీకు తెలుసా?"

"తెలుసు నాన్నా."

"మరి అడగలేదేం?"

కూతురు దుప్పటి అందుకుని పొట్టకి ఆనించుకుంది. "ఏమని అడగను? నన్ను చూడు నాన్నా అనా?"

వంటింట్లో గరిట చప్పుడు ఆగిపోయింది.

"మొదట్లో బంతి ఎత్తిన ప్రతిసారీ నీ వైపు చూశాను," అంది కూతురు. గొంతులో నిష్ఠూరం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతోంది. "తర్వాత మానేశాను. మానేశాకే బాగా ఆడాను."

"రేపు నిన్ను తీసుకుంటున్నానని చెప్పేస్తాను. బొంగరం తనంతట తనే వచ్చి..."

"వద్దు."

"వద్దంటే?"

"నువ్విస్తే నాకొద్దు నాన్నా. తీసేసిందీ నువ్వే, ఇచ్చేదీ నువ్వే అయితే అందులో నా ఆటేముంది? వేరే ఎవరైనా వచ్చి చూస్తే, మేమిద్దరం ఆడతాం. ఓడిపోతే ఓడిపోతా."

తన నడుము ఎత్తున్నప్పుడు చూసినట్టుంది ఈ పిల్లని, మళ్ళీ ఇప్పుడే చూస్తున్నట్టుంది. రోజూ ఒకే బల్ల దగ్గర భోంచేస్తున్నారు. అలా ఎలా జరిగిందో ఆయనకి అర్థం కాలేదు.

మర్నాడు హెడ్‌మిస్ట్రెస్ ఆయన చెప్పింది విని కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. ఆరోగ్యం బాగానే ఉందా అని అడిగింది. నిన్నగాక మొన్న మైకులో పొగిడిన నోటితో ఇవాళ ఏం చెప్పమంటారని నిలదీసింది. మీరేం చెప్పనక్కర్లేదు, తప్పు జరిగిందని నేనే చెప్పుకుంటానన్నాడు మాస్టారు. అమ్మాయిలందరినీ గ్రౌండులో కూర్చోబెట్టి, లిఫ్టరు ఎంపిక సరిగ్గా జరగలేదనీ, చూడాల్సిన ఆట తాను చూడలేదనీ, వేరే బడిలో ఆట నేర్పే కోచి వచ్చి మళ్ళీ చూస్తుందనీ చెప్పాడు. స్టాఫ్‌రూములో లెక్కల టీచరు ఈసారి నవ్వను కూడా నవ్వలేదు. అన్నీ తెలిసినవాడిలా తల ఆడించి, ముందున్న పరీక్ష పేపర్ల మీదికి వంగాడు.

వచ్చిన కోచి లావుగా, ముక్కుసూటిగా ఉండే మనిషి. ఎవరు ఎవరి పిల్లలో ఆవిడకి తెలియదు, అడగనూ లేదు. మాస్టారిని చూసి, "మీరు ఖాళీయే కదా, బంతులు అందివ్వండి," అంది. అలా తన గ్రౌండులోనే మాస్టారు గీతల బయట బంతులు ఏరుకుంటూ నిలబడ్డాడు.

ముందు బొంగరం దిగింది. తనే చోటు వదులుకున్న పిల్ల కాబట్టి ఏదో పైపైన ఆడి పోతుందనుకున్నాడు. ఆ పిల్ల పళ్ళు బిగించి ఆడింది. మొన్న నెట్టు దాటిపోయిన బంతులు ఇవాళ నెట్టు ఇవతలే నిలిచాయి. మోచేతులు విప్పింది, మోకాళ్ళు వంచింది. మాస్టారి చేతిలో బంతి అలాగే ఉండిపోయింది. ఈ పిల్లే గెలిచినా గెలుస్తుంది, అనుకున్నాడు. ఆ తలపుకి చేతిలో బంతిని గట్టిగా అదిమి పట్టుకున్నాడు. అప్పుడు గానీ తెలియలేదు, తను కూతురు గెలవాలని కోరుకుంటున్నాడని.

తర్వాత కూతురు దిగింది. తల తిప్పుకోవడానికి ఆయనకి ఎన్ని సాకులైనా ఉన్నాయి. బూటు లేసు ఊడి ఉంది, పక్కన బంతులు దొర్లుతున్నాయి. మాస్టారు కదల్లేదు.

కూతురు బంతి కోసం పరుగెత్తలేదు. బంతి వచ్చే చోట ముందే ఉంది. వెనకలైను అమ్మాయి తడబడి పక్కకి కొట్టిన బంతిని కూడా, అది మంచి బంతే అన్నట్టు అందుకుని పైకెత్తింది. పొడుగుపిల్లకి ఎత్తుగా, నెమ్మదిగా వేసింది. పొట్టిగా చురుగ్గా ఉండే పిల్లకి నెట్టు అంచునే తక్కువగా, తొందరగా వేసింది. ఎడమచేతి పిల్లకి భుజం అవతలికి వేసింది. ఒక్కొక్కరూ కొట్టి, తాము అంత గట్టిగా కొట్టామా అన్నట్టు తమ చెయ్యే చూసుకున్నారు. ఈ ఆట ఎవరు నేర్పారు దీనికి? తను నేర్పలేదు. మాస్టారు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. "బంతి ఇటివ్వండి సార్," అని కోచి గట్టిగా అంటే గానీ చేతిలో బంతి ఉన్నట్టు గుర్తు రాలేదు.

కోచి వేలితో ఆయన కూతుర్ని చూపించింది. బొంగరం భుజం తట్టి, నీ కాళ్ళు బాగున్నాయి, చేతులకి ఇంకో ఏడాది పడుతుంది, అని చెప్పి బండెక్కి వెళ్ళిపోయింది. బొంగరం నవ్వబోయింది. పెదవి మాట వినలేదు. గిరుక్కున తిరిగి మంచినీళ్ళ పంపు దగ్గరికి వెళ్ళి, ముఖం కడుక్కుంటూ చాలాసేపు అక్కడే ఉండిపోయింది.

డ్యూటీ దిగి వచ్చిన కండక్టరమ్మ గేటు దగ్గర కాచుకుని ఉంది. ఖాకీ చొక్కా మీదే ఉంది. ఆమె అరవలేదు.

"ఎక్కి దిగే ప్రతి మనిషికీ మీ గురించి చెప్పాను మాస్టారూ," అంది. "ఇప్పుడేం చెప్పమంటారు? ఇచ్చిన చోటు నాలుగు రోజులకే లాక్కుని సొంతపిల్లకి పెట్టుకున్నారని చెప్పనా?"

ఆమె వెనక బొంగరం తడిముఖంతో నిలబడి, మాస్టారి కళ్ళలోకి చూస్తూ, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. మీ అమ్మాయే జెర్సీ తెచ్చి ఇచ్చిందమ్మా అంటే ఒక్క మాటతో పోయేది. ఆ మాట మాస్టారి నాలుక మీదికి వచ్చింది. మింగేశాడు.

"తప్పు నాదేనమ్మా. మొదటిసారి సరిగ్గా చూడలేదు."

"సొంతకూతురు కాబట్టి రెండోసారి చూశారు," అంది కండక్టరమ్మ. "ఇంకొకరి పిల్లయితే చూసేవారా?"

కూతురి చెయ్యి పట్టుకుని ఆమె వెళ్ళిపోయింది. మాస్టారు గేటు ఊచ పట్టుకుని నిలబడ్డాడు. మొదటి మాట తగల్లేదు, దానికి సిద్ధంగానే ఉన్నాడు. రెండో మాట ఎక్కడో లోపలికి దిగి, అక్కడే తిరుగుతోంది. ఇంకొకరి పిల్లయితే?

కూతురు సంచి భుజాన వేసుకుని వచ్చింది.

"సెలక్షన్ రోజు నీ బ్యాచిలో ఎవరెవరున్నారు?" అని అడిగాడు.

"కళ్ళజోడు, కవలలిద్దరూ, ఎనిమిదో తరగతి బుడ్డది, లైబ్రరీ మేడంగారి మేనకోడలు."

"వాళ్ళలో ఎవరిని తీసుకున్నాను?"

కూతురు, ఈయన నిజంగానే అడుగుతున్నాడా అని ముఖంలోకి చూసింది.

"ఎవరినీ తీసుకోలేదు నాన్నా."

"ఒక్కరినైనా?"

"ఒక్కరినీ తీసుకోలేదు."

మాస్టారు ఖాళీ గ్రౌండు వైపు తిరిగాడు. తన కూతురి మీదినుంచి కళ్ళు తిప్పుకున్నప్పుడు ఆమె పక్కన నిలబడి ఆడినవాళ్ళ మీదినుంచీ తిప్పుకున్నాడు. వాళ్ళూ ఎగిరే ఉంటారు, కింద పడి లేచే ఉంటారు, ఆయన వైపు చూసే ఉంటారు. కూతురికి జరిగిన అన్యాయం చెప్పడానికి బొంగరం వచ్చింది. వాళ్ళ కోసం ఎవరూ రాలేదు. ఇంత జరిగాక కూడా తనకి వాళ్ళ ఊసే తట్టలేదు.

మర్నాడు మొదటి గంటలోనే హెడ్‌మిస్ట్రెస్ గదికి వెళ్ళి, మిగతా చోట్లకి కూడా మళ్ళీ ఎంపిక పెట్టాలన్నాడు. ఎవరి బలవంతం మీద అని ఆమె అడిగింది. ఎవరూ అడగలేదు మేడం, అందుకేనన్నాడు. ఆమె ఆయన్ని తేరిపార చూసి, ఆ కోచికే ఫోను చేసి సాయంత్రానికి రమ్మంది. అక్కణ్ణుంచి ఒక్కో తరగతి గుమ్మం దగ్గరా ఆగి ఒక్కో పిల్లని బయటికి పిలిచి సంగతి చెప్పాడు. కళ్ళజోడు పిల్ల నమ్మలేనట్టు చూసింది. కవలలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

చివరికి ఎనిమిదో తరగతి. వరండాలోకి వచ్చిన బుడ్డది గోడకి అతుక్కుపోయి నిలబడింది.

"నేనేం చెయ్యలేదు సార్."

"తెలుసమ్మా. సాయంత్రం ఆటబూట్లు తెచ్చుకో. మీ బ్యాచికి మళ్ళీ సెలక్షన్."

ఆ పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి. బొటనవేలితో నేల గీస్తూ ఏదో అడగాలా వద్దా అని తటపటాయించింది. లోపల్నుంచి టీచరు పిలిచింది. వెళ్ళబోయి, గుమ్మంలో ఆగి, తిరిగి చూసింది.

"ఈసారి చూస్తారా సార్?"

వెటకారం లేదు ఆ గొంతులో. వాన వస్తుందా అని అడిగినట్టు, ఉన్నదున్నట్టు అడిగింది. మాస్టారు తలూపాడు. ఆ పిల్లకి అది చాలలేదు కాబోలు, ఇంకా అక్కడే నిలబడి ఉంది.

"చూస్తాను తల్లీ," అన్నాడు.